టీజే సీట్ల గొడవ, మెండెజ్ కేసు: వలస వచ్చినవాళ్లు ఏ వైపు నిలబడాలి? (చర్చా కార్యక్రమం పూర్తి పాఠం)

వ్యాఖ్యాత: నమస్కారం. 2024 ఫిబ్రవరి 20న అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసు వినడానికి నిరాకరించింది. వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ, థామస్ జెఫర్సన్ హైస్కూల్. పోటీపడి సీటు తెచ్చుకోవాల్సిన ప్రభుత్వ బడి. అక్కడివాళ్లందరి నోటా టీజే. 2020 చివర్లో అక్కడ ఎంట్రన్స్ పరీక్ష తీసేశారు. మరుసటి ఏడాది సీట్లు వచ్చినవాళ్లలో ఆసియా పిల్లల వాటా 73 శాతం నుంచి 54కు పడిపోయింది. కొందరు తల్లిదండ్రులు దీనిమీద కేసు వేసి కింది కోర్టులో గెలిచారు, 2023లో అప్పీల్లో ఓడిపోయారు, చివరికి పై కోర్టు తలుపు కూడా మూసుకుంది. జస్టిస్ అలీటో, జస్టిస్ థామస్ మాత్రం వినాల్సిందేనన్నారు. నా ప్రశ్న ఒక్కటే. మన పిల్లల సీట్లు లాక్కున్నారా, లేదా? ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాం. ముందు ఫెయిర్‌ఫాక్స్ నుంచి ఒక తండ్రి లైన్లో ఉన్నారు. చెప్పండి సర్.

తండ్రి: నమస్తే అండీ. నేను మా ఇంటి సంగతి చెప్పడానికి రాలేదు, రూల్ సంగతి చెబుతాను. కొత్త పద్ధతిలో ప్రతి మిడిల్ స్కూల్‌కీ దాని ఎనిమిదో తరగతిలో ఒకటిన్నర శాతం లెక్కన సీట్లు కేటాయించారు. మనవాళ్లు, చైనావాళ్లు, కొరియావాళ్లు ఎక్కువగా కొన్ని స్కూళ్లలోనే ఉంటారు. అక్కడ పోటీ ఎలా ఉంటుందో ఊహించండి. రూల్లో ఆసియా అన్న మాట ఎక్కడా లేదు. కానీ దెబ్బ ఎవరికి తగులుతుందో రాసినవాళ్లకు ముందే...

న్యాయవాది: ఒక్క నిమిషం. ఈ లాక్కోవడం అనే మాట దగ్గరే నేను ఆగుతాను. సీటు మన సొత్తు అయితే కదా లాక్కోవడానికి!

తండ్రి: నేను ఆ మాట అనలేదు మేడమ్, యాంకర్ గారు అన్నారు.

న్యాయవాది: మీరు అనకపోయినా మన వాట్సాప్ గ్రూపులన్నీ అదే అంటున్నాయి. నేను ఒక్క సంగతి చెబుతాను, మధ్యలో ఆపకండి. 1924, మిసిసిపీలో రోజ్‌డేల్ అనే చిన్న ఊరు. అక్కడ కిరాణా కొట్టు నడిపే ఒక చైనా కుటుంబం, ఇంటిపేరు లమ్. కూతురు మార్తా తెల్లపిల్లల బడికి వెళ్లింది. మధ్యాహ్నానికి ఇంటికి పంపేశారు. తండ్రి కోర్టుకెళ్లాడు. ఆయన లాయరు ఏమని వాదించాడో తెలుసా? రంగునుబట్టి బడులు విడదీయడం తప్పు అని కాదు. మా పిల్లను నల్లపిల్లల బడిలో కలపడం అన్యాయం అని! 1927లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. చీఫ్ జస్టిస్ టాఫ్ట్. చైనా పిల్లను రంగుజాతుల కింద లెక్కగట్టడం రాష్ట్రం ఇష్టం అన్నారు. అంటే ఏమైంది? మేం వాళ్లలాంటివాళ్లం కాదు అని ఒక కుటుంబం వేసిన కేసు...

వ్యాఖ్యాత: మేడమ్, టీజేకి వద్దాం. మన పిల్లల సీట్లు...

న్యాయవాది: వస్తున్నా. ఆ కేసు నల్లపిల్లలను వేరే బడిలో ఉంచే చట్టాన్ని ఇంకా గట్టిపరిచింది. మార్తాకూ సీటు రాలేదు, ఇంకెవరికీ మేలు జరగలేదు. మనవాళ్లు నేర్చుకోవాల్సింది ఇదీ.

ప్రొఫెసర్: ఇక్కడ మన దేశం లింకు కూడా ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసు. పంజాబ్ నుంచి వెళ్లినాయన, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. నేను ఆర్యుణ్ని, పై కులంవాణ్ని, కాబట్టి తెల్లవాళ్లతో సమానం, పౌరసత్వం ఇవ్వండి అని అడిగాడు. ఇవ్వలేదు. అంతకుముందు వచ్చిన పౌరసత్వాలు కూడా కొందరు భారతీయులకు రద్దయ్యాయి.

న్యాయవాది: అదే కదా నేను చెబుతున్నది! కులం పేరు చెప్పి తెల్లవాళ్ల వరసలో కూర్చోబోయాడు.

ప్రొఫెసర్: నేను పూర్తి చేయలేదు...

వ్యాఖ్యాత: ప్రొఫెసర్ గారు, మీ దగ్గరకు మళ్లీ వస్తాం. మేడమ్, అయితే గెలిచిన కుటుంబం ఏదైనా ఉందా?

న్యాయవాది: ఉంది. కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ. గొంజాలో మెండెజ్ మెక్సికోలో పుట్టాడు, భార్య ఫెలిసిటాస్‌ది పోర్టోరికో. రెండో ప్రపంచ యుద్ధం సమయంలో వెస్ట్‌మినిస్టర్‌లో ఒక పొలం కౌలుకు తీసుకున్నారు. ఆ పొలం ఎవరిది? మునెమిత్సు అనే జపాన్ కుటుంబానిది. వాళ్లను తీసుకెళ్లి అరిజోనాలోని పోస్టన్ క్యాంపులో పెట్టేసింది ప్రభుత్వం. ఒక వలస కుటుంబాన్ని ముళ్లకంచెలో పెడితే, ఇంకో వలస కుటుంబం ఆ పొలం కాపాడింది. ఇక బడి సంగతి. మేనత్త తన పిల్లలను, మెండెజ్ పిల్లలను కలిపి బడికి తీసుకెళ్లింది. ఆమె పిల్లలది కాస్త తెల్లని ఒళ్లు, ఇంటిపేరు విడౌరీ, ఫ్రెంచి పేరులా వినపడుతుంది. వాళ్లను చేర్చుకుంటామన్నారు. మెండెజ్ పిల్లలు కాస్త నలుపు, వాళ్లను హూవర్ అనే మెక్సికన్ బడికి పొమ్మన్నారు. ఒకే ఇంటి పిల్లలు! ఆవిడ ఎవర్నీ చేర్చకుండా అందర్నీ వెనక్కి తీసుకొచ్చేసింది. 1945 మార్చిలో అయిదు కుటుంబాలు కలిసి నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల మీద కేసు వేశాయి. లాయరు డేవిడ్ మార్కస్.

వ్యాఖ్యాత: వాళ్లు చెప్పిన కారణం ఏంటి? ఇంగ్లీషు రాదనా?

న్యాయవాది: అదే సాకు. పిల్లలకు ఇంగ్లీషు రాదు, అందుకే విడిగా పెట్టాం అన్నారు. మార్కస్ 14 ఏళ్ల పిల్లను బోనెక్కించాడు. ఆ అమ్మాయి చక్కని ఇంగ్లీషులో సాక్ష్యం చెప్పింది! అసలు భాష పరీక్ష పెడితే కదా. పేరు చూడటం, ఒళ్లు చూడటం, పంపేయడం. ఒక సూపరింటెండెంట్ అయితే మెక్సికన్ పిల్లలకు శుభ్రత తక్కువ అని కోర్టులోనే అన్నాడు. 1946 ఫిబ్రవరిలో జడ్జి మెకార్మిక్ కుటుంబాల పక్షాన తీర్పు ఇచ్చాడు, 1947 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టూ సమర్థించింది. నల్లవాళ్ల సంఘం ఎన్ఏఏసీపీ మద్దతుగా వాదన పత్రం వేసింది, అందులో వాళ్ల లాయరు థర్‌గుడ్ మార్షల్ పేరుంది. యూదుల సంఘం వచ్చింది, జపాన్ అమెరికన్ల సంఘం వచ్చింది. క్యాంపుల్లోంచి అప్పుడే బయటపడ్డ జనం అండీ వాళ్లు!

తండ్రి: మేడమ్, నేను కూడా మాట్లాడొచ్చా? ఇదంతా నాకు గౌరవమే. కానీ...

న్యాయవాది: ఇంకో ముక్క. ఆ తర్వాత రెండు నెలలకు గవర్నర్ ఎర్ల్ వారెన్ ఏ చట్టం రద్దు చేశాడు? చైనా, జపాన్, మంగోలియన్ సంతతి పిల్లలకు, అక్కడి ఆదివాసీ పిల్లలకు వేరే బడి పెట్టొచ్చు అన్న చట్టం. మెక్సికన్ల పేరు అందులో లేనే లేదు! మెక్సికన్లు పోరాడితే ఆసియా పిల్లలకు తలుపు తెరుచుకుంది. ఆ వారెనే 1954లో, రంగునుబట్టి బడులు విడదీయడం చెల్లదన్న బ్రౌన్ కేసు తీర్పు రాశాడు. ఈ చరిత్ర తెలిసినవాళ్లు టీజేలో నల్లపిల్లలు, మెక్సికన్ పిల్లలు పెరిగారని ఏడవరు.

తండ్రి: (గొంతు పెంచి) ఎవరూ ఏడవట్లేదండీ! మీరు నా నోట్లో మాటలు పెట్టకండి. మెండెజ్ పిల్లలను ఒళ్లు చూసి ఆపారు. మా పిల్లలు ఎక్కువైపోయారని లెక్క చూసి ఆపితే అది వేరే ఎలా అవుతుంది? దీనికి సమాధానం కావాలి.

వ్యాఖ్యాత: మంచి ప్రశ్న. మన పిల్లల సీట్లు పోయాయనే కదా మీ బాధ?

తండ్రి: సీట్లు కాదండీ, పద్ధతి. ఎన్నిసార్లు చెప్పాలి?

ప్రొఫెసర్: ఇక్కడ నేను రెండు మాటలు చెప్పాలి. ఒకటి, మెండెజ్ కేసును మేడమ్ మరీ స్వచ్ఛంగా చూపిస్తున్నారు. మెక్సికన్లు చట్టం ప్రకారం తెల్లవాళ్ల కిందే లెక్క. జాతి వివాదం ఇందులో లేదని రెండు పక్షాలూ ఒప్పుకునే కేసు నడిపాయి. అప్పీల్ కోర్టు కూడా మెక్సికన్లను విడదీయమని ఏ చట్టమూ చెప్పలేదు అన్న మాట మీదే నిలబడింది. రెండు, 1971లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ తల్లిదండ్రులు అన్ని జాతుల పిల్లల్నీ కలపడానికి తమ పిల్లల్ని బస్సుల్లో దూరం బడులకు పంపబోమని ఎదురు తిరిగారు. వాళ్లు నల్లవాళ్ల మీద కోపంతో చేశారని తేల్చేయలేం. ఇంటి దగ్గర బడి, సొంత భాష కావాలన్నది కూడా అందులో ఉంది. సుప్రీంకోర్టు జస్టిస్ డగ్లస్ వాళ్ల మాట వినలేదు. బ్రౌన్ తీర్పు నల్లవాళ్ల ఒక్కరి కోసమే కాదన్నారు. అంటే వలస కుటుంబాలు రెండు వైపులా...

న్యాయవాది: ఓడిపోయారు కదా?

ప్రొఫెసర్: ఓడిపోవడం, తప్పు చేయడం ఒకటి కాదమ్మా.

తండ్రి: అదీ! ప్రొఫెసర్ గారు సరిగ్గా చెప్పారు.

ప్రొఫెసర్: నేను మీ పక్షాన కూడా చెప్పట్లేదండీ. అప్పీల్ కోర్టు తీర్పులోనే ఉంది. పేద ఆసియా పిల్లల్లో 2020లో టీజేకి వెళ్లింది ఒక్కరు. కొత్త పద్ధతిలో 51 మంది. వాళ్లూ మన పిల్లలేగా?

వ్యాఖ్యాత: ఇది చాలా ముఖ్యమైన...

న్యాయవాది: చూశారా! కోచింగ్‌కి డబ్బు లేని మన పిల్లలు! ఇక్కడ మన దగ్గర ఎంట్రన్సుల కోసం ఆరో తరగతి నుంచి రుబ్బుతాం చూడండి, అదే తీసుకెళ్లి అక్కడ పెట్టుకున్నాం.

వ్యాఖ్యాత: అది నిజం. మా బంధువుల పిల్లాడికి కూడా ఆదివారం లేదు, సెలవు లేదు. మన రిజర్వేషన్ల గొడవకూ దీనికీ పోలిక ఉందా మేడమ్?

ప్రొఫెసర్: పోలిక తేవాలంటే రిజర్వేషన్ దగ్గర కాదు, వేరే బడి దగ్గర తేవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో పంచమ బడులు, అంటే దళిత పిల్లలకు వేరే బడులు ఉండేవి. ఊరి బడిలోకి రానివ్వరు కాబట్టి. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి దళిత పిల్లల కోసం సొంతంగా బడులు పెట్టుకుంటూ పోయారు. పిల్లల్ని విడిగా కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు. అమెరికా వెళ్లిన మనవాళ్లు దాన్ని...

వ్యాఖ్యాత: టైమ్ తక్కువ ఉంది. మళ్లీ నా మొదటి ప్రశ్నకే వస్తాను. మన సీట్లు...

న్యాయవాది: మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదు! 1965 వలస చట్టం రాకపోతే మనలో ఎంతమందికి వీసా దొరికేది? ఆ చట్టం నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమం వేడిలో వచ్చింది. వాళ్లు దెబ్బలు తిన్నారు, మనం విమానం ఎక్కాం. ఇప్పుడు వాళ్ల పిల్లలు పక్క బెంచీలో కూర్చుంటే మనం కోర్టుకా?

తండ్రి: పక్క బెంచీలో కూర్చోవద్దని ఏ తెలుగు తండ్రీ అనలేదు. బెంచీలు పెంచమన్నాం. టీజే లాంటి బడి ఇంకొకటి పెట్టమన్నాం. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు. నేను అడిగిన ప్రశ్నకు కూడా ఇంతవరకూ...

న్యాయవాది: సమాధానం చెప్పాను. ఆపింది ఎవరిని? మెండెజ్ పిల్లలకు బడి గేటే మూశారు. మీ పిల్లలకు గేటు తెరిచే ఉంది. ఇప్పటికీ సగానికి పైగా మీరే!

తండ్రి: ఎక్కువ ఉన్నంత మాత్రాన వివక్ష ఉండదా? లా చదివినవారు మీరు, మీరే చెప్పండి.

ప్రొఫెసర్: ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి...

న్యాయవాది: ప్రొఫెసర్ గారు, మీరు అటూ ఇటూ ఉండకండి!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

వ్యాఖ్యాత: ప్లీజ్, ప్లీజ్, ఒకరి తర్వాత ఒకరు. టైమ్ అయిపోయింది. మేడమ్ చెప్పిన మెండెజ్ కుటుంబం సంగతి ఆలోచించాల్సిన విషయమే. సర్, మీకు చివరగా పది సెకన్లు.

తండ్రి: పది సెకన్లా? ఆవిడకు పదిహేను నిమిషాలు ఇచ్చారండీ. సరే. పరీక్ష ఫీజు 100 డాలర్లు తీసేయడం నాకు సమ్మతమే. పేద పిల్లలకు దారి వేయడమూ సమ్మతమే. కానీ మా మీద దెబ్బ పడుతుందని తెలిసీ...

న్యాయవాది: మళ్లీ మేమూ మీరూ!

వ్యాఖ్యాత: ధన్యవాదాలు సర్, ధన్యవాదాలు మేడమ్. ప్రొఫెసర్ గారు, పంచమ బడుల మీద ఇంకోసారి తప్పకుండా పిలుస్తాం. చిన్న విరామం తర్వాత వార్తలు.