నడుము నుంచి కాల్లోకి లాగే నొప్పి: డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: తెనాలి నుంచి ఒక ఆటో డ్రైవర్ లైన్‌లో ఉన్నారు. మాట్లాడండి.

కాలర్: నమస్కారమండీ డాక్టర్ గారూ. మూడు వారాలుగా నడుము నొప్పి, కుడి కాల్లోకి లాగేస్తోంది. ఎమ్మారై తీయించమంటారా?

డాక్టర్: అది తర్వాత. నొప్పి ఎక్కడిదాకా దిగుతోంది?

కాలర్: పిరుదు నుంచి తొడ వెనకగా, పిక్క పక్కగా, పాదం మీదికి. బొటనవేలు తిమ్మిరి. దగ్గితే కరెంటు కొట్టినట్టుంటుంది.

డాక్టర్: మోకాలు దాటి దిగిందంటే నరం నొక్కుకుంటోందని అనుమానించాలి. మీరు చెప్పిన దారి నడుము దగ్గర వెన్నులోంచి వచ్చే ఎల్-5 అనే నరానిది. చిటికెనవేలి వైపు పోయుంటే దాని కింది నరం, ఎస్-1 అనుకునేవాణ్ణి. వెల్లకిలా పడుకోండి, మోకాలు వంచకుండా కాలు మెల్లగా ఎత్తమనండి మీ ఆవిణ్ణి. బలవంతం చేయొద్దు.

కాలర్: సగం కూడా లేవలేదండీ, పిక్కదాకా లాగేసింది.

డాక్టర్: 30 నుంచి 70 డిగ్రీల మధ్య అలా పిక్కలోకి లాగితే నరం సంగతే. తొడ వెనక మాత్రమే బిగిస్తే కండరం బిగుతు. ఈ పరీక్ష ఒక్కటే చూసి నేను తేల్చను. లేచి, గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వేయండి.

కాలర్: కుడి పాదం ముందుభాగం లేవట్లేదండీ. అన్నట్టు, ఈమధ్య ఆ కాలి చెప్పు తెలియకుండానే జారిపోతోంది. పాతబడిందేమో అనుకున్నా.

డాక్టర్: చెప్పు తప్పేం లేదు. పాదాన్ని పైకెత్తే బలం తగ్గింది. నొప్పి ఒక్కటే అయితే ఆరు వారాలు చూద్దామనేవాణ్ణి, చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుముఖం పడుతుంది. మీరు మాత్రం ఆగొద్దు. రేపే ఆర్థోపెడిక్ డాక్టర్‌కో న్యూరోసర్జన్‌కో చూపించండి, ఎమ్మారై వాళ్లు రాస్తారు. ఒంటికి, రెంటికి ఇబ్బంది ఉందా? ఆటో సీటుకు ఆనేచోట మొద్దుబారిందా?

కాలర్: లేదండీ.

డాక్టర్: వాటిలో ఏదొచ్చినా, రెండో కాల్లోనూ బలం తగ్గినా, అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, ఊరికే బరువు తగ్గడం లాంటివి ఉంటే డాక్టర్‌కి దాచకండి.

కాలర్: అయితే ఆపరేషన్ తప్పదాండీ?

డాక్టర్: కాలి బలం, స్కాన్ రెండూ పక్కపక్కన పెట్టి చూసే చెప్పాలి. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ ఉబ్బిందని రిపోర్టులో రాయగానే హడలిపోకండి, నొప్పి ఎరగనివాళ్లకీ అలా కనిపిస్తుంది.

కాలర్: మా బావమరిది నడుము తొక్కించుకోమంటున్నాడు.

డాక్టర్: బావమరిది మాట పక్కన పెట్టండి. అలాగని మంచమెక్కేయకండి, ఇంట్లో తిరుగుతూ ఉండండి. ఆటో మాత్రం తీయొద్దు.

కాలర్: సాయంత్రం గుంటూరు కిరాయి ఒప్పుకున్నానండీ.

డాక్టర్: బ్రేకు కుడికాలితోనే కదా తొక్కేది? ఆ కిరాయి ఇంకెవరికైనా అప్పజెప్పండి.

యాంకర్: తర్వాతి కాలర్, ఒంగోలు నుంచి…