కిడ్నీ ట్రేలో ఠంగుమన్న శబ్దం

(ఒక ఫిల్మ్ క్లబ్ వార్షిక సమావేశంలో విశ్రాంత సర్జన్ ఒకరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, క్లబ్బు కార్యదర్శి గారికి, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. చదవమని పేర్ల కాగితం ఇచ్చారు. పెద్దలు మన్నించాలి, నాకున్నది ఇరవై నిమిషాలే.

సినిమాల్లో తుపాకి గాయాలు ఎంతవరకు నిజం అన్నది నాకిచ్చిన అంశం. ముందు మీరు అడగబోయేవి చెప్పేస్తాను. తూటా తగిలిన మనిషి గాల్లోకి లేచి, అద్దాలు పగలగొట్టుకుని అవతల పడడు. పిస్తోలు తూటా బరువు దాదాపు 8 గ్రాములు. సెకనుకు 350 మీటర్ల వేగంతో వచ్చినా 70 కిలోల మనిషిని ఎత్తి విసిరేంత ఊపు దానికి లేదు. ఉంటే పేల్చినవాడూ అలాగే వెనక్కి ఎగిరిపడాలి. తెర మీద చొక్కా చిట్లి ఎగజిమ్మేది చిన్న మందుగుండు బిళ్ల, రంగునీళ్ల సంచి. అసలు గాయంలో తూటా దూరిన చిల్లు చాలాసార్లు వేలికొన కూడా పట్టనంత ఉంటుంది. రక్తం కారేది లోపలికి. పెద్దమనిషి ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్లు. అందులో రెండు లీటర్లు పొట్టలోకి కారిపోయినా చొక్కా మీద అరచేతంత మరకే కనబడొచ్చు. ఇక "భుజానికే కదా తగిలింది" అని హీరో కట్టు కట్టుకుని ఫైటుకు పోతాడు. అక్కడే చేతికి వెళ్లే పెద్ద రక్తనాళం ఉంది, చేతిని కదిపే నరాలన్నీ ఉన్నాయి, దాని పక్కనే ఊపిరితిత్తి కొస ఉంది.

ఇవన్నీ నేను సర్దుకుపోగలను. సర్దుకోలేనిది ఒక్క శబ్దం. డాక్టరు చెమట తుడుచుకుంటూ ఫోర్సెప్స్‌తో, అదే పట్టకారుతో, తూటా పైకి తీసి కిడ్నీ ట్రేలో, అంటే వంపు తిరిగిన స్టీలు పళ్లెంలో, వేస్తాడు. ఠంగుమంటుంది. బయట బెంచీ మీద తల్లి కళ్లు తుడుచుకుంటుంది. కథ సుఖాంతం.

ఆ శబ్దం వల్ల ఒక మనిషి కాలు పనికిరాకుండా పోవడం నేను చూశాను. అది చెప్పకుండా నేనిక్కడి నుంచి వెళ్లలేను.

అప్పటికింకా 108 బండ్లు లేవు. నల్లమల అంచు ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద తెచ్చేవాళ్లు. ఓ రాత్రి ఒక రైతును తెచ్చారు. శనగచేలో అడవిపందులకు కాపలా ఉంటే, చీకట్లో కదిలింది పందే అనుకుని పక్క చేను అతను నాటు తుపాకి పేల్చాడు. తొడ నిండా సీసపు గుళ్లు. ఎక్స్‌రే దీపానికి పెట్టి చూస్తే నల్లటి ఫిల్ము మీద ఆవాలు చల్లినట్టు తెల్లగా మెరిశాయి. పాదం దగ్గర నాడి చక్కగా ఆడుతోంది. ఎముక విరగలేదు. గాయం కడిగి, చచ్చిన కండ తీసి, ధనుర్వాతం సూది వేసి, కుట్టకుండా వదిలి కట్టు కట్టాం. గుళ్లు ముట్టుకోలేదు. కీళ్లలోనో, రక్తనాళం పక్కనో ఉంటే తీసేవాళ్లం. అవి కండలో ఉన్నాయి. కండలో ఉన్న సీసం చుట్టూ శరీరమే గూడు కట్టుకుంటుంది.

తెల్లారేసరికి అతని బావమరిది వచ్చాడు. "గుండ్లు తియ్యకుండా కట్టు కట్టి పడుకోబెట్టారేంది సార్? ఏవీ, చూపించండి" అన్నాడు. చెప్పాను. మళ్లీ చెప్పాను. ఎక్స్‌రే చూపించి చెప్పాను. వినలేదు. సంతకం పెట్టి తీసుకెళ్లిపోయారు. ఎక్కడో ఎవరో తొడ కోసి వెతికారు. మూడు వారాలకు మళ్లీ నా వార్డులోకే తెచ్చారు, చీముతో, జ్వరంతో. ప్రాణం దక్కింది గానీ మోకాలు మళ్లీ మడతపడలేదు. మడిలో వంగి పనిచేసే మనిషికి మోకాలు మడతపడకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అతను కాగితం పొట్లం విప్పి రెండు సీసపు గుళ్లు నా చేతిలో పెట్టాడు. "ఇవి తీశారు సార్, మిగతావి దొరకలేదంట" అన్నాడు. అమ్మా, ఒకసారి ఆలోచించండి. ఆ రెండు గుళ్ల కోసం!

అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌కూ ఇదే గతి పట్టింది. 1881 జూలై 2న రైల్వే స్టేషన్లో కాల్చారు. డాక్టర్లు కడగని వేళ్లతో, కడ్డీలతో తూటా కోసం కెలికారు. టెలిఫోన్ కనిపెట్టిన బెల్ కూడా యంత్రం తెచ్చి వెతికాడు. దొరకలేదు. చీముపట్టి, ఎముకల గూడై, 79 రోజుల తర్వాత పోయాడు. అదే 1912 అక్టోబర్‌లో మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఛాతీలో తూటా దిగితే, ఆయన ముందు తన ప్రసంగం గంటకు పైగా చేసి తర్వాత ఆసుపత్రికి వెళ్లాడు. అలా చెయ్యమని నేననను. కానీ అక్కడి డాక్టర్లు తూటా జోలికి పోలేదు. అది ఒంట్లో ఉండగానే ఆరేళ్లకు పైగా బతికాడు.

తూటా తియ్యడం కాదండీ, రక్తం ఆపడం ముఖ్యం. ముందు వరసలో తువ్వాలు వేసుకున్న బాబూ, ఇలా రా. సిగ్గుపడకు. ఆ తువ్వాలు నాలుగు మడతలు పెట్టు. నీ స్నేహితుడి ముంజేతి మీద పెట్టి, రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి నొక్కు. ఇంకా గట్టిగా. తీసి చూడకు. తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ వెయ్యి. కత్తి గుచ్చుకుని ఉంటే హీరోలా పీకొద్దు. అది కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి అలాగే తీసుకెళ్లాలి. కత్తే బిరడాలా రక్తాన్ని ఆపుతూ ఉండొచ్చు.

నువ్వు నొక్కుతూనే ఉండు. ఈలోపు ఇంకొక్క మాట. "ఇది పోలీసు కేసు, ముట్టుకోం" అనే డాక్టరు పాత్ర ఉంది చూశారూ, దాన్ని చూసి చూసి జనం రోడ్డు మీది మనిషిని ఎత్తడానికే జంకుతున్నారు. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, ముందు వైద్యం, కాగితాలు తర్వాత అని. సర్కారు ఆసుపత్రికైనా, ప్రైవేటుకైనా అంతే. ఇక్కడ కథలు రాసే పిల్లలున్నారు. అయ్యా, దండం పెట్టి అడుగుతున్నాను. ఆ డైలాగు రాయకండి. ట్రేలో తూటా పడే షాటు బదులు, ఎవరో ఒకరు గాయాన్ని నొక్కి పట్టుకుని జీపు వెనక కూర్చున్న షాటు ఒక్కటి తియ్యండి. చేతులు తిమ్మిరెక్కుతున్నా వదలని షాటు.

బాబూ, చేతులు నొప్పెడుతున్నాయా? పెడతాయి. కార్యదర్శి గారు గంట కొట్టారు, నేను దిగుతున్నాను. నువ్వు మాత్రం అప్పుడే తియ్యకు. మనం నొక్కడం మొదలుపెట్టి ఇంకా రెండు నిమిషాలే అయింది.