పరికరాల మెమరీకి పేర్లు: ఐఓమెమ్ అనే అడంగల్

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. ఈ భాగాన్ని నెల్లూరులో రికార్డు చేస్తున్నాము. ఒంగోలు నుంచి వచ్చిన ఈ అన్న రొయ్యల చెరువుల నీటికి గాలి పట్టించే ఏరేటర్లను నడిపే కంట్రోలర్ బోర్డులకు లినక్స్ డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపే ప్రోగ్రాములు రాస్తారు. అన్నా, లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లో పరికరాల మెమరీకి పేరు పెట్టడమంటే ఏమిటో మొదట చెప్పండి.

అతిథి: పరికరంలోని రిజిస్టర్లు, అంటే దాన్ని నడిపే చిన్న గడులు, ప్రాసెసర్‌కు మామూలు మెమరీ చిరునామాల్లాగే కనిపిస్తాయి. ఏ చిరునామా నుంచి ఏ చిరునామా వరకు ఏ డ్రైవర్ అధీనంలో ఉన్నదో కెర్నల్ ఒక పట్టికలో రాసుకుంటుంది. ప్రాక్ డైరెక్టరీలోని ఐఓమెమ్ ఫైలును తెరిస్తే ఆ పట్టిక కనిపిస్తుంది. మన ఊళ్లలో చెప్పాలంటే అది అడంగల్. చిరునామా సర్వే నంబరు వంటిది, పక్కనున్న పేరు అనుభవదారుది. సర్వే నంబరుకు సబ్ డివిజన్లు ఉన్నట్లే ఇక్కడ కూడా పెద్ద ప్రాంతం కింద చిన్న ప్రాంతాలు రెండు ఖాళీలు లోపలికి జరిగి కనిపిస్తాయి. సిస్టమ్ ర్యామ్ కింద కెర్నల్ కోడ్, కెర్నల్ డేటా అలాగే ఉంటాయి.

నిర్వాహకురాలు: అయితే తగాదా వచ్చినప్పుడు కెర్నల్ ఆ పేరును చూసి తీర్పు చెబుతుందా?

అతిథి: చూడదమ్మా. రెండు ప్రాంతాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా లేదా అన్నది చిరునామాలను బట్టే తేలుస్తుంది. రెండోసారి అడిగిన డ్రైవర్‌కు ‘ఈబిజీ’ అనే, అంటే ఆ చోటు ఇప్పటికే వాడుకలో ఉందనే లోపం ఇచ్చి తిప్పి పంపుతుంది. పేరు ఏమైనా దానికి ఒకటే. అంటే ఆ పేరును చదివేది మనిషి మాత్రమే. ఈ సంగతి నాకు ఆలస్యంగా, అదీ నా తప్పువల్లే తెలిసింది.

నిర్వాహకురాలు: ఆ తప్పేమిటో చెప్పండి.

అతిథి: కొత్తపట్నం వైపు ఒక చెరువు దగ్గర పెట్టిన బోర్డులో ఒకే రకమైన ఏరేటర్ బ్లాకులు నాలుగు ఉన్నాయి. ఏ పరికరం ఏ చిరునామాలో ఉందో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ అనే వివరణలో నాలుగింటికీ నేను ‘కంట్రోల్’ అనే ఒకే పేరు పెట్టాను. రెండో బ్లాకు పరిమాణం 256 బైట్లని రాయవలసిన చోట ఒక సున్నా ఎక్కువ పడింది. ఈ చిరునామాలు రాసే పదహారు ఆధారపు (హెక్సాడెసిమల్) లెక్కలో ఒక సున్నా అంటే పదహారు రెట్లు, కాబట్టి అది 4096 బైట్లయి మూడు, నాలుగు బ్లాకుల స్థలాన్ని కూడా మింగేసింది. ఆ రెండు ఏరేటర్లు తిరగలేదు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళ అది ఎంత ప్రమాదమో చెరువులున్నవారికి నేను చెప్పనక్కరలేదు.

నిర్వాహకురాలు: కెర్నల్ సందేశాలు రాసే లాగ్‌లో కారణం కనిపించలేదా?

అతిథి: ఎవరిని తిప్పి పంపిందో లాగ్ చెప్పింది, కానీ ఆ స్థలంలో అప్పటికే ఎవరున్నారో చెప్పలేదు. అది తెలియాలంటే ఐఓమెమ్ చూడాలి. చెరువు గట్టున ఉన్న కుర్రవాడికి రూట్ అధికారం, అంటే సిస్టమ్‌పై పూర్తి హక్కు లేదు. రూట్ కానివారికి కెర్నల్ ఆ ఫైలులో చిరునామాలన్నీ సున్నాలుగా చూపిస్తుంది, పేర్లు మాత్రం దాచదు. అతడు ఫోటో తీసి పంపాడు: సున్నాలు, పక్కన కంట్రోల్, మళ్లీ సున్నాలు, పక్కన కంట్రోల్. నాకు మిగిలిన ఒకే ఆధారం పేరు, ఆ పేరును నేనే పనికిరాకుండా చేసుకున్నాను.

నిర్వాహకురాలు: పరికరం పేరును కెర్నల్ తనంతట తాను చేర్చదా?

అతిథి: ఇప్పుడు చేరుస్తుంది, మా బోర్డులో ఉన్నది పాత కెర్నల్. డ్రైవర్ తన ప్రాంతాన్ని పట్టికలో రాయించుకుని వాడుకోవడానికి పిలిచే ‘డెవ్‌ఎం ఐఓరీమ్యాప్ రిసోర్స్’ అనే ఫంక్షన్ మునుపు ప్రాంతానికి సొంత పేరుంటే దానినే, లేకపోతేనే పరికరం పేరును రాసేది. 2020లో వచ్చిన మార్పుతో రెండింటినీ కలిపి రాస్తున్నది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో జీపీఐఓ, అంటే పిన్నులను నడిపే భాగం వరుసను చూడు. ఎఫ్ఈ200000 నుంచి ఎఫ్ఈ2000బీ3 వరకు, అంటే 180 బైట్లు, పక్కన ‘ఎఫ్ఈ200000.జీపీఐఓ’ అని, ఆ వెంటనే ‘జీపీఐఓ@7ఈ200000’ అని ఉంటుంది. మొదటిది ప్రాసెసర్ చూసే చిరునామాతో పుట్టిన పరికరం పేరు. రెండోది చిప్ లోపల పరికరాలను కలిపే దారి (బస్) చిరునామాతో డివైస్ ట్రీలో రాసిన పేరు. రెగ్ నేమ్స్ అని ప్రత్యేకంగా పేర్లు రాయకపోతే డివైస్ ట్రీలో ఆ పరికరానికి ఉన్న పద్దు, అంటే నోడ్ పేరే ప్రాంతం పేరవుతుంది. చూడటానికి ఒకే మాటను రెండుసార్లు అన్నట్లుంటుంది, అయినా నేను దీనికే ఓటు వేస్తాను.

నిర్వాహకురాలు: పేరును మనమే కూర్చుకునేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

అతిథి: ఉన్నది, చాలామంది అక్కడే జారిపడతారు. ప్రాంతాన్ని పట్టికలో రాయించే ‘రిక్వెస్ట్ మెమ్ రీజియన్’కు ఇచ్చిన పేరును కెర్నల్ నకలు తీసుకోదు, ఆ అక్షరాలున్న చోటును మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ఫంక్షన్ లోపల స్టాక్ అనే తాత్కాలిక మెమరీలో పేరును కూర్చి ఇస్తే, ఆ ఫంక్షన్ ముగిశాక ఐఓమెమ్‌లో చెత్త అక్షరాలు కనిపిస్తాయి. మాడ్యూల్‌ను, అంటే కెర్నల్‌కు విడిగా చేర్చిన డ్రైవర్‌ను తీసేటప్పుడు ప్రాంతాన్ని విడుదల చేయడం మరిచిపోతే ఇంకా కష్టం: ఆ పేరు మాడ్యూల్‌తోపాటే పోతుంది, తరువాత ఎవరైనా ఐఓమెమ్‌ను చదివితే కెర్నల్ అక్కడే ‘ఊప్స్’ అనే తీవ్రమైన లోపంలో పడవచ్చు. అందుకే పేరును ‘డెవ్‌ఎం కే ఏఎస్‌ప్రింట్ఎఫ్’తో కూర్చుకుంటే డ్రైవర్ ఆ పరికరాన్ని నడుపుతున్నంతకాలం అది ఉంటుంది.

నిర్వాహకురాలు: అసలు పేరే రాయకుండా పని కానిచ్చేవారు కూడా ఉంటారు కదా!

అతిథి: లేకేం! పట్టికలో రాయించకుండా, చిరునామాను అందుబాటులోకి తెచ్చే ఐఓరీమ్యాప్ ఫంక్షన్‌ను ఒక్కదాన్నే పిలిస్తే రిజిస్టర్లు అందుతాయి, పట్టికలో మాత్రం పేరెక్కదు. అడంగల్‌లో లేని సాగు అన్నమాట. అటువంటిదాన్ని పట్టుకోవాలంటే రూట్‌గా వీమ్యాలక్‌ఇన్ఫో ఫైలు చూడాలి. ఏ ఫంక్షన్ ఏ భౌతిక చిరునామాను మ్యాప్ చేసిందో అందులో దొరుకుతుంది.

నిర్వాహకురాలు: మరి ఆ బోర్డులలో ఇప్పుడు ఏ పేర్లున్నాయి?

అతిథి: పరిమాణం దిద్దాను, కెర్నల్ మార్చాను, ‘ఏరేటర్ 1 కంట్రోల్’ మొదలుకొని నాలుగు వరకు వేరువేరు పేర్లు రాశాను. మొన్న అదే కుర్రవాడు ఇంకో ఫోటో పంపి, “అన్నా, మూడో ఏరేటర్ వరుస లేదు” అన్నాడు. చిరునామాలన్నీ ఎప్పటిలాగే సున్నాలు. నేను డివైస్ ట్రీలో నేరుగా మూడో నోడ్ దగ్గరకే వెళ్లాను.