దొరకని డబ్బా నిజంగా పోయినట్టేనా? జియోక్యాషింగ్ యాప్ రివ్యూ

నమస్కారం. ఇతరులు దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట జియోక్యాషింగ్. ఈ వీడియోలో దాని అధికారిక యాప్‌ను ఒకే ఒక్క ప్రశ్నతో పరీక్షించబోతున్నాను. మ్యాపు ఎలా ఉంది, బొమ్మలు ఎలా ఉన్నాయి అనే సంగతులు ఇప్పటికే చాలామంది చెప్పారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. యాప్ చూపిన చోటికి వెళ్లి, చెట్టు చుట్టూ తిరిగి, రాళ్ల సందుల్లో చూసి, అయినా డబ్బా కనిపించకపోతే, అది నిజంగా పోయిందా లేక మన కంటికి ఆనలేదా అని తేల్చుకోవడానికి ఈ యాప్ ఎంతవరకు పనికొస్తుందన్నదే నా ప్రశ్న. ఉదాహరణలు ఎక్కువగా అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నుంచి తీసుకున్నాను. ఈ ఆటను నడిపే సంస్థ సియాటెల్‌లోనే ఉంది, ఆ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్మండ్‌లలో మనవాళ్లూ చాలామంది ఉన్నారు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలని కలిపే లోపాన్ని 2000 మే నెల మొదట్లో తొలగించింది. అప్పటిదాకా జీపీఎస్ పరికరం చూపే స్థానం 100 మీటర్ల దాకా తప్పేది, అంటే ఏడున్నర ఎకరాలు దాటిన నేలలో ఎక్కడైనా వెతుక్కోవలసిందే. లోపం తొలగిన వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ ఆరెగన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్‌లో కొన్ని వస్తువులు పెట్టి దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. కొద్ది రోజుల్లోనే వెతికేవారు దాన్ని కనుక్కున్నారు. ఆ బకెట్ ఈ రోజు అక్కడ లేదు, దాని స్థానంలో ఒక స్మారక ఫలకం ఉంది. ఇప్పుడు ప్రపంచమంతటా 30 లక్షలకు పైగా డబ్బాలు దాచి ఉన్నాయి. దొరికితే లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బాను తిరిగి అక్కడే పెట్టి, యాప్‌లో ఫౌండ్ అని నమోదు చేస్తారు. దొరక్కపోతే డీఎన్‌ఎఫ్ (డిడ్ నాట్ ఫైండ్, అంటే దొరకలేదు) అని నమోదు చేస్తారు, అప్పుడు మ్యాపు మీద నీలిరంగు విచారపు ముఖం కనిపిస్తుంది. నా రివ్యూ అంతా ఈ నీలి ముఖం చుట్టూనే తిరుగుతుంది.

యాప్‌లోని బాణం గుర్తు దూరం సున్నా అని చూపగానే డబ్బా కాళ్ల దగ్గరే ఉండాలని కొత్తవారు అనుకుంటారు. ఆకాశం ధారాళంగా కనిపించే చోట స్మార్ట్‌ఫోన్ జీపీఎస్‌కు సాధారణంగా 4.9 మీటర్ల వ్యాసార్ధం మేర ఖచ్చితత్వం ఉంటుందని అమెరికా ప్రభుత్వపు జీపీఎస్ సమాచారం చెబుతుంది. వాషింగ్టన్ అడవుల్లో డగ్లస్ ఫర్ చెట్ల కింద నిలబడితే ఆ మాత్రం కూడా ఆశించలేము, ఎత్తైన భవనాల మధ్య సంకేతాలు గోడలకు తగిలి వస్తాయి కాబట్టి అక్కడ పరిస్థితి ఇంకా అధ్వానం. పైగా లోపం రెండు వైపులా ఉంటుంది: దాచినవారి పరికరం ఒక దిక్కుకు, మన ఫోను మరో దిక్కుకు తప్పవచ్చు. రెండూ కలిసి 10 మీటర్ల తేడా వచ్చిందనుకుంటే, మనం వెతకవలసిన వృత్తం 314 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 375 గజాల స్థలం. అందులో ఒక ఇల్లు కట్టుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల కన్నా చిన్నదైన మైక్రో డబ్బాను, ఒక్కోసారి చిటికెన వేలి గోరంత ఉండే నానోను, ఇంత జాగాలో, అది కూడా నాచు, ఫెర్న్ మొక్కలు, ముళ్ల బ్లాక్‌బెర్రీ పొదలు కమ్మిన చోట వెతుకుతున్నామని గుర్తుంటే, దొరకలేదు కాబట్టి పోయిందనే మాట అంత తొందరగా నోటికి రాదు.

డబ్బా నిర్దేశాంకాలను, అంటే అక్షాంశ రేఖాంశాలను, డిగ్రీలు, నిమిషాల్లో మూడు దశాంశ స్థానాల దాకా ఇస్తారు. చివరి అంకె ఒకటి మారితే ఉత్తర దక్షిణాలుగా దాదాపు 1.85 మీటర్లు కదులుతాము. తూర్పు పడమరలుగా హైదరాబాదులో సుమారు 1.77 మీటర్లు, సియాటెల్‌లో 1.25 మీటర్లు మాత్రమే. చివరి అంకె ఒకటి తప్పితే పెద్ద నష్టమేమీ లేదు, దానికి ముందున్న అంకె తప్పితే మాత్రం పొరుగు పొదలో వెతుకుతూ ఉంటాము. అందుకే కొత్తగా ప్రచురితమైన డబ్బాకు వరుసగా డీఎన్‌ఎఫ్‌లు వస్తే, దొంగతనం కన్నా ముందు నిర్దేశాంకాలను అనుమానించాలి.

ఇక యాప్ విషయానికి వస్తాను. తెర మీద చూడండి, డబ్బా పేజీలో కష్టం (కనుక్కోవడం ఎంత కష్టమో), మార్గం (అక్కడికి చేరడం ఎంత కష్టమో) అనే రెండు కొలతలు 1 నుంచి 5 దాకా ఉన్నాయి. వాటి కింద పరిమాణం, చివరగా దొరికిన తేదీ, ఆ తరువాత వచ్చినవారు రాసిన లాగ్‌లు. ఇవన్నీ ఒకే చోట, ఎవరికైనా కనిపించేలా పెట్టడం యాప్‌కు నేను ఇచ్చే మొదటి మంచి మార్కు. అయితే ఇవి పక్కపక్కన ఉన్నాయే కానీ వీటిని కలిపి ఎలా చదవాలో యాప్ ఎక్కడా చెప్పదు. షాపింగ్ కాంప్లెక్స్ పార్కింగ్‌లో దీపస్తంభం అడుగున ఉండే లోహపు తొడుగు కింద దాచిన, కష్టం 1.5 ఉన్న డబ్బాను తీసుకోండి. అక్కడ వెతకడానికి ఒకే ఒక్క చోటు ఉంటుంది, తొడుగు ఎత్తితే ఉందో లేదో తెలిసిపోతుంది. దానికి వరుసగా రెండు డీఎన్‌ఎఫ్‌లు వస్తే అది పోయి ఉండటానికే అవకాశం ఎక్కువ. వంతెన రెయిలింగుకు బోల్టులా తగిలించిన, కష్టం 4 ఉన్న డబ్బాకు వరుసగా ఆరు డీఎన్‌ఎఫ్‌లు ఉన్నా అవి చెప్పేది చాలా తక్కువ, ఎందుకంటే చాలామందికి దొరకకూడదనే దాన్ని అలా దాచారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికించడమే ఆ డబ్బా ఉద్దేశం. యాప్ మాత్రం ఈ రెండింటికీ అదే నీలి ముఖాన్ని, అదే పరిమాణంలో చూపిస్తుంది.

రాసిన మనిషి ఎవరో కూడా చూడాలి. పేరు పక్కనే వారు ఇప్పటివరకు కనుగొన్న డబ్బాల సంఖ్య ఉంటుంది. ఐదు వేలు దాటినవారు ఇరవై నిమిషాలు వెతికి లేదంటే దానికొక బరువు ఉంది. మూడో డబ్బా కోసం వచ్చినవారు చీకటి పడుతోందని వెళ్లిపోయినా లాగ్‌లలో పడేది అదే నీలి ముఖం. దీనికి తోడు, దొరకలేదని ఒప్పుకోవడం నామోషీ అనుకుని అసలేమీ రాయకుండా వెళ్లిపోయేవారు కూడా ఉంటారు. అంటే లాగ్‌లలో కనిపించే డీఎన్‌ఎఫ్‌ల కన్నా నిజంగా జరిగినవి ఎక్కువే ఉంటాయి, ఎంత ఎక్కువో ఎవరికీ తెలియదు. డీఎన్‌ఎఫ్ రాస్తే ఆటలో మన లెక్కకు వచ్చే నష్టం ఏమీ లేదని యాప్ ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఈ లోటు కొంత తీరేది.

నిజానికి ఈ విషయాలన్నీ సంస్థకు తెలియనివి కావు. ప్రతి డబ్బాకు ఆరోగ్య సూచిక అనే లెక్క తెర వెనుక నడుస్తూ ఉంటుంది. డీఎన్‌ఎఫ్‌లు, సమస్య తెలిపిన లాగ్‌లు, చివరగా దొరికిన తేదీ, యజమాని, అంటే డబ్బా దాచినవారు, చివరగా సరిచూసిన తేదీ, కష్టం, మార్గం కొలతలు అన్నీ అందులో చేరతాయి. సూచిక బాగా పడిపోతే యజమానికి ఈమెయిల్ వెళుతుంది. వెతికేవారికి మాత్రం అది కనిపించదు. ఆ అంకెను బయటపెట్టకపోవడం సబబేనని నా అభిప్రాయం, ఎందుకంటే అంకె తక్కువగా ఉన్న డబ్బా వైపు ఎవరూ వెళ్లకపోతే అది ఉందో లేదో తేల్చే మనిషే ఉండడు. కానీ ఇలాంటి కష్టం ఉన్న డబ్బాకు ఈ డీఎన్‌ఎఫ్‌లు మామూలే అనో, మామూలు కాదనో ఒక్క మాట చూపించడానికి అభ్యంతరం ఏముందో నాకు అర్థం కాలేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం డీఎన్‌ఎఫ్‌ల సంఖ్య కాదు, దాచిన చోటు ఇప్పుడు ఎలా ఉందన్నది. దాచినవారు పేజీలో ఇచ్చిన సూచనలో మొద్దు అని ఉండి, అక్కడ చెట్లు కొట్టేసి నేల చదును చేసి ఉంటే, ఒక్క డీఎన్‌ఎఫ్ చాలు. తీగ ఉండి, దాని చివర వేలాడవలసిన డబ్బా లేకపోతే, లేదా మూత ఒక్కటే నేలమీద పడి ఉంటే, ఇంకెవరూ వచ్చి వెతకనక్కరలేదు. రోడ్డు పక్క రెయిలింగు కొత్తగా మెరుస్తూ ఉంటే పాతదానితో పాటు దాని వెనుక అంటించిన అయస్కాంతపు డబ్బా కూడా లారీ ఎక్కిందని ఊహించవచ్చు. ఇలాంటివి ఏవీ లేకుండా చోటు యథాతథంగా ఉన్నప్పుడు, పాత లాగ్‌లలోని ఫొటోలను తెరిచి, వాటి నేపథ్యంలో కనిపించే కొమ్మనో రాతినో మీ ఎదురుగా ఉన్నదానితో పోల్చి చూడండి. సహజంగా పడినట్టు లేని పుల్లల కుప్ప కోసం వెతకడం ఈ ఆటలో పాతకాలపు చిట్కానే, కానీ ఆకులు రాలే కాలంలో, మంచు కురిసే కాలంలో అది పనిచేయదు. శీతాకాలపు డీఎన్‌ఎఫ్‌ను వేసవిలో ఎవరైనా వెళ్లి చూసేదాకా నేను లెక్కలోకి తీసుకోను.

దురదృష్టవశాత్తు, డీఎన్‌ఎఫ్ రాసే తెర ఈ వివరాల్లో ఒక్కటీ అడగదు. ఒక ఖాళీ పెట్టె ఇచ్చి ఊరుకుంటుంది, అందులో చాలామంది దొరకలేదు అని రెండు ముక్కలు రాసి పంపేస్తారు. చోటు మారిందా, ఎంతసేపు వెతికారు, జనం ఉండటం వల్ల మధ్యలో ఆపేశారా అనే మూడు ప్రశ్నలు పెడితే వచ్చే సమాచారం విలువ ఎన్నో రెట్లు పెరిగేది. ఈ రివ్యూలో యాప్ మీద నా అసలు ఫిర్యాదు ఇదే. కొన్ని సిద్ధంగా ఉన్న కారణాలు యజమాని దృష్టికి తెచ్చే వేరే లాగ్‌లో ఉన్నాయి కానీ, ఒక్కసారి వెతికి దొరకనంత మాత్రాన దాన్ని వాడటం తొందరపాటు అవుతుంది. ఆ లాగ్ వల్ల మరమ్మతు గుర్తు ఒకసారి పడితే యజమాని వచ్చి సరిచూశానని నమోదు చేసేదాకా పేజీ మీద అలాగే ఉండిపోతుంది, ఉన్న డబ్బాకు లేని జబ్బు అంటగట్టినట్టే.

యజమాని స్పందించకపోతే వ్యవహారం స్వచ్ఛందంగా పనిచేసే రివ్యూయర్ల చేతికి వెళుతుంది. వారు డబ్బాను తాత్కాలికంగా నిలిపివేసి, సాధారణంగా నాలుగు వారాలు గడువిచ్చి, అప్పటికీ బదులు రాకపోతే ఆర్కైవ్ చేస్తారు, అంటే పేజీని మూసేస్తారు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఆర్కైవ్ అయింది పేజీ మాత్రమే. డబ్బా పోయిందని దాన్నిబట్టి రుజువు కాదు. స్నోక్వాల్మీ పర్వత మార్గంలో, సుమారు 3.7 కిలోమీటర్ల పొడవున్న పాత రైలు సొరంగం ప్రాంతంలో, ఒక హాలీవుడ్ చిత్రం ప్రచారం కోసం 2001లో దాచిన టన్నెల్ ఆఫ్ లైట్ అనే డబ్బా ఈ ఆట ఆడేవారికి యాత్రాస్థలంలా ఉండేది. 2011లో అది మాయమైంది, పేజీ మూతపడింది. 2016లో అసలు పెట్టె మళ్లీ బయటపడి, పేజీ తిరిగి తెరుచుకుంది. ఇక లేదనుకున్న పెట్టె అన్నేళ్లూ ఎక్కడో ఉంటూనే ఉంది. ఇలా తిరిగి తెరుచుకోవడం చాలా అరుదు. చాలా సందర్భాల్లో మూతపడిన పేజీ మూతపడినట్టే ఉంటుంది, ఎవరికీ అక్కరలేని ప్లాస్టిక్ డబ్బా అడవిలో చెత్తగా మిగులుతుంది.

డబ్బా పోయిందనుకుని మంచి ఉద్దేశంతోనే తమ జేబులోంచి కొత్త డబ్బా పెట్టి ఫౌండ్ రాసుకునేవారు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన చిక్కు తెస్తారు. నిబంధనలు దీన్ని ప్రోత్సహించవు, ప్రోత్సహించకపోవడానికి గట్టి కారణమే ఉంది. అసలుది రెండు అడుగుల దూరంలో భద్రంగా ఉంటే, ఇప్పుడు అక్కడ రెండు డబ్బాలు, రెండు సంతకాల కాగితాలు ఉంటాయి, యజమాని ఏది తనదో తేల్చుకోలేని పరిస్థితి వస్తుంది. తేలికగా దొరికే కొత్తదాని వల్ల పేజీలో వరుసగా ఫౌండ్‌లు వచ్చి, అసలు డబ్బా పోయిందా లేదా అనే ప్రశ్నే కనుమరుగవుతుంది. అనుమానం ఉంటే యజమానికి సందేశం పంపండి, లేదా చివరగా కనుగొన్నవారికి మీరు చూసిన చోటు ఫొటో పంపి అడగండి. యాప్‌లో సందేశాల సౌకర్యం ఉంది, అది బాగానే పనిచేస్తుంది.

భారతదేశంలో ఉండి చూసేవారికి ఒక ప్రత్యేకమైన మాట. మన దగ్గర డబ్బాలూ తక్కువ, వెతికేవారూ తక్కువ. సియాటెల్ నగరంలో సులభమైన డబ్బా ఏడాదిగా దొరకలేదంటే అనుమానించాల్సిందే, హైదరాబాదు శివార్లలోని డబ్బాకు అదే ఏడాది గడిస్తే ఎవరూ వెళ్లలేదని మాత్రమే అర్థం కావచ్చు. చివరగా దొరికిన తేదీని చూసేటప్పుడు ఆ మధ్యకాలంలో ఒక్క డీఎన్‌ఎఫ్ అయినా ఉందా అని తప్పక చూడండి. ఏమీ లేకపోతే ఆ తేదీ నుంచి ఏ నిర్ధారణకూ రాలేము.

ఇక డబ్బు సంగతి. ఈ ఒక్క అవసరం కోసం ప్రీమియం చందా కట్టనక్కరలేదు, మీకు కనిపించే డబ్బాల లాగ్‌లు, ఫొటోలు, సూచన చందా లేకుండానే చదువుకోవచ్చు. చందా లేనివారికి యాప్‌లో కొన్ని డబ్బాల వివరాలు తెరుచుకోవు, జాబితాలను ఆఫ్‌లైన్‌లో దాచుకునే వీలు కూడా ఉండదు. పర్వత మార్గాల్లో సిగ్నల్ పోయినప్పుడు పాత లాగ్‌లు చేతిలో లేకపోతే నేను చెప్పిన పోలికలేవీ సాధ్యం కావు కాబట్టి, ఆండ్రాయిడ్ ఫోను ఉన్నవారు ఓపెన్ సోర్స్ యాప్ అయిన సీజియోను కూడా పెట్టుకుని, బయలుదేరే ముందే పేజీని లాగ్‌లతో సహా భద్రపరచుకోండి. ఐఫోన్‌కు సీజియో లేదు. ఐఫోన్ వాడేవారు ఇంట్లో ఉండగానే చివరి పది లాగ్‌లను, ఫొటోలను స్క్రీన్‌షాట్ తీసుకుని వెళ్లండి.