గేమింగ్ మానిటర్: ఏ రిజల్యూషన్, ఎన్ని హెర్ట్జ్?

నమస్కారం. గేమింగ్ కోసం మానిటర్ కొనబోయేవారు దాదాపు ఒకే చోట ఆగిపోతారు. రిజల్యూషన్ అంటే తెరపై పిక్సెళ్లు అనే చుక్కలు ఎన్ని ఉన్నాయో చెప్పేది (1080పీ, 1440పీ, ఫోర్‌కే అనేవి దాని మెట్లు), హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మను చూపుతుందో చెప్పే అంకె. ఇంచుమించు ఒకే ధరలో ఒకవైపు ఫోర్‌కే 60 హెర్ట్జ్ మానిటర్, మరోవైపు 1440పీ 165 హెర్ట్జ్ మానిటర్ కనిపిస్తే దేన్ని ఎంచుకోవాలి? ఆట సాఫీగా సాగడమే మీకు ముఖ్యమైతే రెండోదాన్నే తీసుకోమని చెబుతాను. అయితే ఆ మాట కూడా మీ కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డును చూశాకే చెప్పాలి, ఎందుకంటే మానిటర్ ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, చూపగలిగినా వాటిని తయారు చేసి పంపవలసింది ఆ కార్డే.

1080పీ తెరపై దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 1440పీలో అవి 36.9 లక్షలు, ఫోర్‌కేలో 82.9 లక్షలు. అంటే 1080పీ నుంచి ఫోర్‌కేకు మారితే కార్డు ప్రతి ఫ్రేముకూ నాలుగింతల పిక్సెళ్లను గీయాలి. అంతమాత్రాన ఎఫ్‌పీఎస్ (కార్డు సెకనుకు తయారు చేసే ఫ్రేముల సంఖ్య) కచ్చితంగా నాలుగో వంతుకు పడిపోదు గానీ, సైబర్‌పంక్ 2077 వంటి భారీ ఆటల్లో మధ్యతరహా కార్డు ఫోర్‌కే దగ్గర ఆయాసపడుతుంది. ప్రాసెసర్ సంగతి వేరు. రిజల్యూషన్ తగ్గించినా దాని పని పెద్దగా తగ్గదు కాబట్టి, పాత ప్రాసెసర్ ఉన్నవారు 1080పీకి దిగినంత మాత్రాన 240 ఎఫ్‌పీఎస్ వస్తుందని ఆశించకూడదు.

ఇక రిఫ్రెష్ రేటు, అంటే హెర్ట్జ్ విషయానికి వద్దాం. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి, 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లకు ఒకసారి, 240 హెర్ట్జ్ తెర 4.2 మిల్లీసెకన్లకు ఒకసారి కొత్త బొమ్మను చూపుతాయి. మొదటి మెట్టులో దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసివస్తే, రెండో మెట్టులో మూడు కూడా కలిసిరావు. అందుకే 60 నుంచి 144కు మారినవారికి మౌస్ కదపగానే తేడా తెలుస్తుంది. 240 మాత్రం వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి ఆటలను పోటీగా ఆడేవారికే నిజంగా అవసరం.

అయినా ఆట సాఫీగా ఉండటం హెర్ట్జ్ అంకె ఒక్కదానితో తేలే విషయం కాదు. ఫ్రేములు సమానమైన వ్యవధిలో రావడమే అసలు కీలకం. 60 హెర్ట్జ్ తెరపై వీ సింక్ (తెర బొమ్మ మార్చే క్షణంలోనే కొత్త ఫ్రేమును చూపించే సెట్టింగ్) పెట్టుకుని ఆడుతున్నారనుకుందాం. ఒక ఫ్రేము 17 మిల్లీసెకన్లు తీసుకుంటే, వెంట్రుకవాసి తేడాతో తన వంతు తప్పిపోయి 33.3వ మిల్లీసెకను దాకా ఆగవలసి వస్తుంది, ఈలోగా తెరపై పాత బొమ్మే నిలిచి ఉంటుంది. మనం కుదుపు అనేది దీన్నే. వీ సింక్ తీసేస్తే ఎదురుచూపు పోతుంది గానీ, ఒకే తెరపై రెండు ఫ్రేముల ముక్కలు పడి బొమ్మ అడ్డంగా కోసినట్టు కనిపిస్తుంది.

ఈ చిక్కును తీర్చేది అడాప్టివ్ సింక్. ఇందులో ఫ్రేము సిద్ధమయ్యేదాకా మానిటరే కార్డు కోసం ఆగుతుంది. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా 2013లో ఇలాంటి పద్ధతినే జీ సింక్ పేరుతో ప్రకటించినప్పుడు దానికి మానిటర్‌లో ప్రత్యేక మాడ్యూల్ ఉండవలసి వచ్చేది. 2019 నుంచి ఆ కంపెనీ కార్డులు మామూలు అడాప్టివ్ సింక్ మానిటర్లతోనూ పనిచేస్తున్నాయి. కొనేముందు ఈ సదుపాయం ఎన్ని హెర్ట్జ్ నుంచి ఎన్ని హెర్ట్జ్ దాకా ఉన్న రేంజ్‌లో పనిచేస్తుందో తప్పక చూడండి. 48 నుంచి 144 దాకా ఉన్న మానిటర్‌లో ఎఫ్‌పీఎస్ 40కి పడినా ఒక్కో ఫ్రేమును రెండేసి సార్లు చూపి నెట్టుకురావచ్చు. 48 నుంచి 75 దాకానే ఉన్నదానిలో అది కుదరదు, ఎందుకంటే పై అంకె కింది అంకెకు కనీసం రెట్టింపైనా ఉండాలి.

తెర సైజు గురించి ఒక్క మాట. 1080పీకి 24 అంగుళాలు చక్కగా సరిపోతాయి. 27 అంగుళాలకు వెళ్తే అంగుళానికి 82 పిక్సెళ్లే మిగిలి అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 27 అంగుళాల 1440పీలో ఆ సంఖ్య 109. మెరుగైన కార్డు ఉన్నవారికి నేను మొదట సూచించేది ఇదే. భారీ ఆటల్లో కార్డు చాలకపోతే రిజల్యూషన్‌ను 1080పీకి దించకండి, తెర మొత్తం మసకబారుతుంది. దానికి బదులు, తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను తెరకు తగ్గట్టు పెంచి చూపే డీఎల్ఎస్ఎస్ లేదా ఎఫ్ఎస్ఆర్ అనే సెట్టింగ్‌ను క్వాలిటీ మోడ్‌లో పెడితే, లోపల 960పీలోనే గీసినా మెనూలూ అక్షరాలూ 1440పీలోనే స్పష్టంగా ఉంటాయి.

కొత్త మానిటర్‌ను తగిలించాక విండోస్‌లో అది 60 హెర్ట్జ్ దగ్గరే ఉండిపోవడం చాలా మామూలు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో దాన్ని మీరే మార్చుకోవాలి. అక్కడ పెద్ద అంకె కనిపించకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. వీలైతే డిస్‌ప్లేపోర్ట్‌నే వాడండి, పాత హెచ్‌డీఎంఐ 1.4 కేబుల్, పోర్టులతో 1440పీ 144 హెర్ట్జ్ రాదు. చివరగా, 144 హెర్ట్జ్ తెర అయితే ఆటలో ఎఫ్‌పీఎస్ పరిమితిని 140 దగ్గర పెట్టుకోండి. అప్పుడు ఫ్రేములు అడాప్టివ్ సింక్ రేంజ్ దాటి పోకుండా ఉంటాయి.