పెట్టె మీద లేని తేదీ

(ఫోన్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలన్న అంశంపై విశాఖపట్నంలో చేసిన ప్రసంగం పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకోవడం మర్యాద. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలే, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

"ఆండ్రాయిడా, ఐఫోనా?" అన్నది నాకిచ్చిన అంశం. దానికి ముందు ఒక అక్షరం సంగతి చెప్పాలి. మన అక్షరమే, "జ్ఞా".

2018 ఫిబ్రవరిలో ఈ అక్షరం ఐఫోన్లను పడగొట్టింది. ఐఓఎస్ అంటే ఐఫోన్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్. ఐఓఎస్ 11 ఉన్న ఫోన్‌కి అది మెసేజ్‌లో వస్తే చాలు, ఆ యాప్ మూతపడేది, మళ్ళీ తెరిస్తే మళ్ళీ పడిపోయేది. నోటిఫికేషన్‌లో కనబడితే హోమ్ స్క్రీనే కూలిపోయేది. జ్ఞానంలో ఉండే జ్ఞా కాదండీ, అది ఎప్పట్లాగే కనబడేది. ఈ జ్ఞాలో దీర్ఘానికి ముందు కంటికి కనబడని గుర్తొకటి ఇరుక్కుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. మనం "సాఫ్ట్‌వేర్" అని కొట్టినప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. తెలుగు టైపు చేసేవాళ్ళకి రోజూ పనికొచ్చే సాధనం. అది రాకూడని చోట వచ్చేసరికి, అక్షరాలు గీసే కోర్ టెక్స్ట్ అనే భాగం మెమరీని పాడుచేసుకుని కూలిపోయింది. బెంగాలీలోనూ ఇలాంటివి దొరికాయి. పేరు మాత్రం "తెలుగు అక్షరం కొట్టిన దెబ్బ" అని మనకే వచ్చింది. తప్పు గీసినవాడిది, నింద అక్షరానిది!

సరే, అంశంలోకి వస్తాను. నిజానికి అంశం బయటికి వెళ్ళలేదు. వార్త గుప్పుమన్న వారం లోపే, ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది. అది వేసుకున్న ఫోన్లు బాగుపడ్డాయి. ఆపరేటింగ్ సిస్టమ్ అన్నాక తప్పులుంటాయి, రెండింట్లోనూ ఉంటాయి. తప్పు దొరికాక దిద్దుబాటు మీ ఫోన్ దాకా వస్తుందా? ఇంకా ఎన్నేళ్ళు వస్తుంది? నా అంశం ఇదే.

జగదాంబ జంక్షన్ దగ్గర ఏ షాపుకైనా వెళ్ళండి. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సో చెప్తారు, ఛార్జింగ్ ఎన్ని వాట్లో చెప్తారు. "సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ నెల దాకా?" అని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. బ్రెడ్డు ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది, మాత్రల అట్ట మీద ఉంటుంది. వేలు పోసి కొనే ఫోన్ పెట్టె మీద ఉండదు. ఇదెక్కడి న్యాయమండీ?

పైగా ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. గూగుల్ పిక్సెల్ 8 వచ్చింది 2023 అక్టోబరులో, ఏడేళ్ళు ఇస్తామన్నారు, అంటే 2030 అక్టోబరు దాకా. మూడేళ్ళాగి పండగ ఆఫర్లో కొంటే మీకు మిగిలేవి నాలుగే. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కీ ఏడేళ్ళే, 2024 జనవరి నుంచి. అంత పెట్టలేమంటే, గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ళు చెప్పారు. ఐఫోన్‌కి ఇలా ముందే ఊరంతా చాటరు గానీ నడిచిన దారి చూడండి: 2015 నాటి 6ఎస్‌కి 2021లో ఐఓఎస్ 15 కూడా అందింది. ఇంకో తిరకాసు. "నాలుగు ఆండ్రాయిడ్ అప్‌డేట్లు" అంటే కొత్త వెర్షన్లు. తప్పులు దిద్దే సెక్యూరిటీ ప్యాచ్‌లు వేరే. రెండూ విడివిడిగా అడగండి.

ఇక ఆండ్రాయిడా, ఐఫోనా? రెండు ప్లాస్టిక్ సిమ్‌లు తప్పవంటే ఆండ్రాయిడే. ఇక్కడ అమ్మే మామూలు ఐఫోన్లలో ఒక నానో సిమ్, రెండోది ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్. వచ్చిన ప్రతి లింకూ నొక్కే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే, వాళ్ళకి మాత్రం ఐఫోన్ ఇవ్వమంటాను. కారణం ఏపీకే ఫైళ్ళు, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ని ఎక్కించే ఫైళ్ళు. అవి ఐఫోన్‌లో ఎక్కవు. పెళ్ళిపత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వస్తుంది. నొక్కితే ఇన్‌స్టాల్ అవుతుంది, ఎస్ఎంఎస్ చదివే అనుమతి అడుగుతుంది, తర్వాత మీ ఓటీపీలు వాడి దగ్గరికి. పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు బాబూ! ఆండ్రాయిడ్ వాళ్ళు సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి, వాట్సాప్‌కీ బ్రౌజర్‌కీ ఆ అనుమతి తీసేయండి. ఇప్పటికే నొక్కేశారా? ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. ఆ తర్వాతే యాప్ తీసే సంగతి.

ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మారేవాళ్ళు దెబ్బతినేది వాట్సాప్ దగ్గర. గూగుల్ డ్రైవ్‌లోని బ్యాకప్ ఐఫోన్ చదవదు. "మూవ్ టు ఐఓఎస్" యాప్‌తో, రెండు ఫోన్లూ ఛార్జింగ్‌లో ఉంచి, కొత్త ఐఫోన్ మొదటి సెటప్‌లోనే మార్చాలి. ముందు సెటప్ ముగించి తర్వాత చూద్దాంలే అనుకున్నారా, మళ్ళీ మొత్తం రీసెట్ చేయాల్సిందే. పాత ఫోన్ చెరిపేయకుండా వారం అట్టే పెట్టండి. అదే నంబరుకి కొత్త సిమ్ కూడా తీసుకుంటే 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆగుతాయి, ఓటీపీలు రావు. ఫీజు కట్టే రోజో, ఆసుపత్రికి వెళ్ళే రోజో ఈ పని పెట్టుకోకండి.

సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ సిగ్నలూ ఎలా పోయాయో ఈ ఊరికి నేను చెప్పక్కర్లేదు. "వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్" ఆన్‌లో ఉంచండి, అవి రావడానికి డేటా అక్కర్లేదు. జిల్లా మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

టైమైపోయిందని చీటీ పంపారు. ఒక్క నిమిషం. అందరూ ఫోన్లు తీయండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కండి, "సెక్యూరిటీ అప్‌డేట్" అని ఒక తేదీ ఉంటుంది. కొన్ని ఫోన్లలో అది సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్‌లో ఉంటుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. అక్కడ తేదీ ఉండదు, వెర్షన్ నంబరు ఉంటుంది. తేదీ ఆరు నెలలు దాటి, కొత్త అప్‌డేట్ కూడా చూపించకపోతే, ఆ ఫోన్లో పెద్ద మొత్తాల బ్యాంకు ఖాతా వద్దు. "ఏ ఫోన్ కొనమంటారు?" అని అడగదలుచుకున్నవాళ్ళు ముందు ఆ తేదీ, ఐఫోన్ అయితే ఆ నంబరు చదివి వినిపించి, తర్వాత అడగండి. మైకు ముందు వరుస నుంచి పంపిస్తున్నాం.