మన ప్రాపర్టీ టాక్స్ వెనకున్న టెక్సాస్

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం పిల్లల క్లాసులు, ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చారు, సంతోషం.

ఈ హాల్లో టెక్సాస్‌లో సొంతిల్లు ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఏటా ఇంటి విలువ పెరిగిందని నోటీసు రాగానే మన వాట్సాప్ గ్రూపులన్నీ వేడెక్కుతాయి, ఆ విలువ మీద ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం, ఎలా వెయ్యాలి, ఎవరికి అప్పగిస్తే ఎంత తగ్గిస్తారు అని. వెయ్యండి, అది మీ హక్కు. కానీ ఆ పన్ను బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, అంటే మన ప్రాంతం బడుల్ని నడిపే సంస్థది. అదెందుకు అంత ఉందో, ఎక్కడికి పోతుందో అడిగేవాళ్ళు మనలో తక్కువ. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే ఈ రాష్ట్రం చరిత్ర చాలావరకు బయటపడుతుంది, మెక్సికో బోర్డర్ దాకా తీసుకెళ్తుంది.

టెక్సాస్ అనగానే ప్రభుత్వం తక్కువ, వ్యాపారం ఎక్కువ, ఎవడి కాళ్ళ మీద వాడు నిలబడ్డ చోటు అంటారు. ఈ మాట సగమే నిజం. ఈ రాష్ట్రానికి మొదటి పెట్టుబడి ప్రభుత్వ భూమి.

1836లో ఈ ప్రాంతం మెక్సికో నుంచి విడిపోయింది. ఆ పోరాటంలోని అలమో యుద్ధం గురించి మన పిల్లలు బడిలో చదువుకుంటారు. దాంతో పాటు ఇంకోటి కూడా తెలియాలి: మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేసింది, ఇక్కడ పత్తి పండించడానికి అమెరికా నుంచి వచ్చిన తెల్లవాళ్ళు బానిసల్ని వెంట తెచ్చుకున్నారు, విడిపోయాక రాసుకున్న రాజ్యాంగంలో బానిసత్వానికి చట్టబద్ధత ఇచ్చుకున్నారు. బానిసలు విముక్తులయ్యారన్న ప్రకటన గాల్వెస్టన్‌లో వినిపించింది 1865 జూన్ 19న. మనకు సెలవొచ్చే జూన్‌టీన్త్ అదే.

1845లో అమెరికాలో కలిసేటప్పుడు ఒప్పందం ఏమిటంటే, అప్పులు మీవే, ఖాళీ భూములూ మీవే. వేరే రాష్ట్రాల్లో అలాంటి భూమి కేంద్రానికి పోయింది, ఇక్కడ రాష్ట్రం చేతిలో ఉండిపోయింది. 1850లో ఉత్తరాన, పడమరన తమదేనని చెప్పుకున్న భూభాగాన్ని వదులుకున్నందుకు కేంద్రం కోటి డాలర్లిచ్చింది, అందులో 20 లక్షలు 1854లో బడుల కోసం శాశ్వత నిధిగా పెట్టారు. ఆ నిధి ఈరోజుకీ ఉంది. ఆస్టిన్‌లో గులాబీ రంగు గ్రానైట్‌తో కట్టిన శాసనసభ భవనం చూశారు కదా, దాని ఖర్చు కింద కాంట్రాక్టర్లకిచ్చింది డబ్బు కాదు, 30 లక్షల ఎకరాల భూమి!

యూనివర్సిటీల కథ ఇంకా బాగుంటుంది. 1876 రాజ్యాంగంలో యూనివర్సిటీకి 10 లక్షల ఎకరాలు రాశారు, 1883లో ఇంకో 10 లక్షలు కలిపారు. అన్నీ పశ్చిమాన ఎండిపోయిన నేలలు, పశువుల మేతకు కౌలుకివ్వడం తప్ప ఎందుకూ పనికిరావనుకున్నవి. 1923 మేలో అక్కడ సాంటా రీటా అనే బావిలో చమురు పడింది. అప్పటినుంచి ఆ నేల మీద వచ్చే రాయల్టీ యూనివర్సిటీల నిధిలోకి చేరుతోంది. మన పిల్లలు, మన ఊళ్ళ నుంచి ఎమ్మెస్‌కి వచ్చే పిల్లలు చదివే యూటీ డాలస్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, డాలస్) కూడా భవనాల కోసం ఆ నిధి ఆసరాతో అప్పు తెచ్చుకోగలదు. భూమి అమ్మేసి చేతులు దులుపుకుని ఉంటే ఇదేదీ ఉండేది కాదు. దూరం ఆలోచించి దాచిపెట్టిన వాళ్ళ పుణ్యం ఇది.

మరి ఇంత ఉండి బడుల భారం మన ఇంటి మీద ఎందుకు పడింది? ఇన్‌కమ్ టాక్స్ లేదు, 2019లో రాజ్యాంగం సవరించి మరీ నిషేధించారు, శాశ్వత నిధి ఆదాయం ఒక్కటే చాలదు, కాబట్టి ఇళ్ళ మీదా స్థలాల మీదా పన్నే పెద్ద దిక్కు. అక్కడే అన్యాయం కూడా మొదలైంది. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అని మెక్సికన్ మూలాలున్న కార్మికులు ఉండే పేట ఉంది, అదే ఊళ్ళో ఆలమో హైట్స్ అని డబ్బున్నవాళ్ళ ప్రాంతం ఉంది. ఎడ్జ్‌వుడ్ వాళ్ళు 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కడితే ఒక్కో పిల్లవాడికి వచ్చింది 26 డాలర్లు. ఆలమో హైట్స్ వాళ్ళు 85 సెంట్లే కట్టారు, వాళ్ళ పిల్లవాడికి వచ్చింది 333 డాలర్లు. ఎక్కువ రేటున కట్టినవాడికి తక్కువ బడి. 1968లో ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ పిల్లలు క్లాసులు వదిలి బయటికొచ్చారు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, రేకుల పని చేసే కార్మికుడు, ఇంకొందరు తల్లిదండ్రులతో కలిసి కోర్టుకెళ్ళాడు. 1973లో అమెరికా సుప్రీంకోర్టులో 5-4 తేడాతో ఓడిపోయారు. అయినా ఆ పేట ఊరుకోలేదు, మళ్ళీ రాష్ట్ర కోర్టుకెళ్తే 1989లో తొమ్మిది మంది జడ్జీలూ వాళ్ళ వైపే తీర్పిచ్చారు. దాని ఫలితంగా 1993లో వచ్చిందే మనవాళ్ళు రాబిన్ హుడ్ అని తిట్టుకునే రీకాప్చర్. ప్లేనో లాంటి డబ్బున్న డిస్ట్రిక్టులు వసూలు చేసే పన్నులో కొంత రాష్ట్రం తీసుకుని మొత్తం బడుల లెక్కలో కలుపుతుంది. ఆ లెక్క సరిగ్గా చూపిస్తున్నారా లేదా అని గట్టిగా అడగాల్సిందే. కానీ ఆ పద్ధతే తప్పంటే మాత్రం నేను ఒప్పుకోను, ఆ 26 డాలర్ల సంగతి తెలిశాక ఒప్పుకోలేను.

ఇప్పుడు బోర్డర్ గురించి. మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే ఐ-35 హైవే మొదలయ్యేది లారెడోలో, రియో గ్రాండే నది ఒడ్డున. అక్కడ లారీల కోసమే ఒక వంతెన ఉంది, 2000లో తెరిచారు. మెక్సికోలోని మాంటెరీ వైపు నుంచి సరుకు తెచ్చిన ట్రాక్టర్ చాలావరకు అవతలే ఆగిపోతుంది. వెనకున్న ట్రెయిలర్‌ని ట్రాన్స్‌ఫర్ అనే చిన్న దూరం బండి తగిలించుకుని వంతెన దాటిస్తుంది, ఇవతల ఇంకో డ్రైవర్ అందుకుని ఉత్తరానికి బయల్దేరతాడు. ఒకే సరుకుకు ముగ్గురు డ్రైవర్లు, రెండు దేశాల తనిఖీ. 1994లో నాఫ్టా అనే అమెరికా, కెనడా, మెక్సికోల వ్యాపార ఒప్పందం వచ్చాక ఒక కారులోని భాగాలే రెండు మూడు సార్లు అటూ ఇటూ దాటడం మామూలైపోయింది. టీవీలో చూపించే బోర్డర్ వేరు, ఈ రాష్ట్రం బతుకుతున్న బోర్డర్ వేరు.

నీళ్ళ సంగతీ అంతే. శ్రీశైలం, సాగర్ నీళ్ళ పంచాయితీ చూస్తూ పెరిగినవాళ్ళం, మనకు చప్పున అర్థమవుతుంది. 1944 ఒప్పందం ప్రకారం మెక్సికో రియో గ్రాండేలో కలిసే తన ఉపనదుల నుంచి ఐదేళ్ళకు 17.5 లక్షల ఎకరా-అడుగులు (ఒక ఎకరం మీద అడుగు లోతు నీళ్ళు ఒక ఎకరా-అడుగు) ఇవ్వాలి, అమెరికా కొలరాడో నది నుంచి ఏటా 15 లక్షలు ఇవ్వాలి. కరువొచ్చి ఆ ఉపనదుల్లో ఒకటైన కాంచోస్ తగ్గింది, మెక్సికోలోని చివావా రాష్ట్రం రైతులు మా పొలాలకే లేవని డ్యామ్ దగ్గర తిరగబడ్డారు, ఇవతల రియో గ్రాండే వ్యాలీలో చెరుకు ఎండిపోయింది. 2024లో రాష్ట్రంలో మిగిలిన ఒకే ఒక్క చక్కెర మిల్లు మూసేశారు. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఆ ఊరికి ఏమైందో తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. కారణాలు వేరు, రైతు కష్టం మాత్రం ఒకటే.

అదే ఐ-35 మీద లారెడోకి ముందు కొటుల్లా అనే చిన్న ఊరొస్తుంది. 1928లో అక్కడి మెక్సికన్ పిల్లల బడిలో ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు పాఠాలు చెప్పాడు. పేరు లిండన్ జాన్సన్. పిల్లలు టిఫిన్ కూడా లేకుండా ఆకలితో బడికొచ్చేవాళ్ళని, ప్రెసిడెంటయ్యాక 1965లో ఓటు హక్కు చట్టం కోసం పార్లమెంటు ముందు మాట్లాడుతూ గుర్తుచేసుకున్నాడు. అదే ఏడాది అక్టోబర్ 3న వలస చట్టం మీద కూడా సంతకం పెట్టాడు. అంతకుముందు మన భారతదేశం కోటా ఏడాదికి 100 మంది! ఆ తర్వాతే మన డాక్టర్లు, ఇంజనీర్లు వరసగా రాగలిగారు. ఈ హాల్లో మనమంతా కూర్చున్నామంటే దానికి ఆ సంతకమే కారణం, అందుకే బోర్డర్ పిల్లల బడి మనకు సంబంధం లేని విషయమంటే నాకు బాధేస్తుంది.

పని సంగతి చెప్పి ఆపుతాను. చాలా డిస్ట్రిక్టుల్లో స్కూల్ బోర్డు ఎన్నిక మేలో జరుగుతుంది, ఓటేసేవాళ్ళు బాగా తక్కువ, కొద్ది ఓట్లతోనే ఫలితం మారిపోతుంది. సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళు ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు కావాలి. మామూలుగా ఇక్కడ ఆన్‌లైన్‌లో కొత్త నమోదు కుదరదు, కాగితం నింపి సంతకం పెట్టి కౌంటీకి పంపాలి. హెచ్-1బీ మీదున్నవాళ్ళు, గ్రీన్ కార్డు కోసం చూస్తున్నవాళ్ళు ఓటెయ్యలేరు, కానీ బోర్డు మీటింగ్‌కి వెళ్ళి పేరిచ్చి మాట్లాడొచ్చు, పన్ను మీరూ కడుతున్నారు కదా. ఫారాలు వెనక బల్ల మీద పెట్టించాను. రీకాప్చర్ మీద గొడవపడాలనుకునేవాళ్ళు ముందు వరసలోకి రండి, ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెడదాం.